నాలుగో అంతస్తు ఆర్డర్

మా వదిన ఇంట్లో భోజనాల బల్ల మీద ఉప్పు డబ్బా ఉండేది కాదు. అడిగితే ఇచ్చేది. కానీ అడిగినవాళ్లను ఈ ఇరవై రెండేళ్లలో నేను ఇద్దరినే ఎరుగుదును. ఒకరు మా పెదనాన్న. ఆయన జ్వరం పడి లేచి, నోరు చచ్చిపోయి ఉన్నారప్పుడు. రెండోవాడు మా అన్నయ్య, పెళ్లయిన కొత్తలో. ఆ రోజు వదిన డబ్బా తెచ్చి అతని కంచం పక్కన పెట్టి, "వేసుకోండి. వేసుకున్నాక ఆ కూర మీది, నాది కాదు" అందట. అన్నయ్య మళ్లీ అడగలేదు.

అలాంటి వదిన ఆ ఆదివారం నేను చెప్పులు విడవకముందే గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"బుల్లీ, చెయ్యి చాపు. ఇది నాకి చెప్పు."

నాకు నలభై మూడేళ్లు. ఆఫీసులో నా కింద తొమ్మిది మంది పనిచేస్తారు. ఆ ఇంట్లో మాత్రం నేను బుల్లినే. చెయ్యి చాపాను. కోడికూర గుజ్జు చుక్క అరచేతిలో చురుక్కుమంది.

"బావుంది వదినా."

"బావుంటుందిలే. ఉప్పు సంగతి చెప్పు."

"సరిగ్గా ఉంది."

"ఎక్కువ కాలేదూ?"

"లేదు."

"మొహమాటపడకు. ఆడపడుచువి, వంక పెట్టే హక్కు నీకుంది. ఇన్నేళ్లలో ఒక్కసారీ వాడుకోలేదు, ఇవాళ వాడుకో."

నవ్వుతూనే అంది కానీ గరిటె దించలేదు. లోపలికి వెళ్తే సంగతి తెలిసింది. మూడు వారాలుగా ఆర్డర్లు పడిపోయాయి. రోజుకు ఇరవై దాకా వచ్చేవి. నిన్న మూడు, మొన్న రెండు. ఆ రోజు పన్నెండు దాటుతున్నా ఒక్కటీ రాలేదు. ఫోను ఫ్రిజ్ తలుపుకి అతికించిన పట్టీలో నిలబడి, నల్లగా, చప్పుడు లేకుండా ఉంది.

"ఊళ్లో జనం తినడం మానేశారేమోనే" అంది అమ్మ, కుర్చీలో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ.

"ఒక్కసారే ఊరంతా పత్యం పట్టిందంటారా అత్తయ్యా?" అంది వదిన. "నా చేతిలోనే ఏదో పోయింది. నాకు తెలుస్తూనే ఉంది."

ఇల్లు నడుస్తున్నది ఆ పొయ్యి మీదే. అన్నయ్య దుకాణాల బోర్డులు రాసేవాడు. బోర్డులన్నీ మిషన్ మీద అచ్చవడం మొదలయ్యాక అతని కుంచెలు అటకెక్కాయి. నాలుగేళ్ల క్రితం, మా కంపెనీ ఇళ్లలో వండేవాళ్లను కూడా యాప్‌లోకి తీసుకుంటున్నప్పుడు, వదిన పేరు నేనే చేర్చాను. వంటింటికి పేరేం పెట్టాలని అడిగితే 'వదిన వంటిల్లు' అని రాశాను. "ఊరందరూ నాకు మరుదులూ ఆడపడుచులేనా, గొప్ప బంధుత్వమే అంటగట్టావు" అని ఆమె వారంరోజులు నవ్వింది. ఆమె వండితే అన్నయ్య డబ్బాల్లో సర్దేవాడు. మూత మీద తెప్పించుకునేవాళ్ల పేరు కుంచెతో రాసేవాడు, దుకాణం బోర్డు మీద రాసినంత అందంగా. మూతలు పారెయ్యకుండా దాచుకుంటున్నామని జనం రాసేవారు.

ఆ రోజు తిని, మెట్లు దిగుతూ మధ్యలో ఆగి, ఫోన్ తీసి మా యాప్‌లో వదిన వంటింటి కోసం వెతికాను. పేరు కొట్టి కాదు. ఆకలేసిన మనిషి వెతికినట్టు, బొటనవేలితో పైకి తోస్తూ. మొదటి తెర మీద లేదు. రెండో దాని మీద లేదు. ఆరోసారి తోశాక జాబితా అయిపోయింది. అట్టడుగున బూడిదరంగులో చిన్న అక్షరాలు: 'మరికొన్ని చూడండి'. నొక్కితే వచ్చింది. వదిన వంటిల్లు, ముప్పై నాలుగు నిమిషాలు.

ఆ బూడిదరంగు నేను ఎంచిందే. కంటికి అడ్డం రాకూడదని ఎంచాను.

ఆకలేసి ఫోన్ తెరిస్తే ఏ వంటిల్లు ముందు కనపడాలి, ఏ అక్షరం ఎంత లావుండాలి, వేలు ఎక్కడ ఆగాలి, ఇవన్నీ ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించి పెడతారు. మా కంపెనీలో ఆ మనిషిని నేను. ఆ కొత్త తెర కోసం నాలుగు నెలలు పనిచేశాను. దారినపోయే జనాన్ని పిలిచి, అద్దం గదిలో కూర్చోబెట్టి, చేతికి ఫోనిచ్చి, అద్దం ఇవతల నుంచి వాళ్ల వేళ్లు చూశాను. తొమ్మిది నిమిషాలు అన్నచోట వేలు ఆగేది. ముప్పై కనపడితే ఆగేది కాదు. బొమ్మ ఎంత నోరూరించేదిగా ఉన్నా ఆగేది కాదు. అందుకని త్వరగా వచ్చేవి పైన పెట్టి, ఇరవై అయిదు నిమిషాలు దాటినవాటిని 'మరికొన్ని' కిందకు తోసేద్దామని నేనే అన్నాను. తెర జనంలోకి వెళ్లిన వారానికి ఆర్డర్లు పెరిగాయి. మీటింగులో అందరూ లేచి చప్పట్లు కొట్టారు. కేకు కోశాం.

ముప్పై నాలుగు నిమిషాలు అన్న అంకె ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు తెలుసు. అదీ నేను చేసిందే.

నాలుగేళ్ల క్రితం, వండేవాళ్ల ఫోన్లో ఉండే తెర తయారుచేస్తున్నప్పుడు, పది రోజులు వదిన వంటింట్లో స్టూలు వేసుకు కూర్చున్నాను. ఆర్డర్ వస్తే ఫోను మోగుతుంది. తీసుకున్నట్టు ఒక మీట నొక్కాలి. వంట అయ్యాక 'రెడీ' అని ఇంకో మీట. అది నొక్కితే డెలివరీ మనిషి బయల్దేరతాడు. రెండు మీటల మధ్య గడిచిన సమయమే ఆ వంటింటి సమయం. దానికి దారిలో పట్టే నిమిషాలు కలిపితే తెర మీది అంకె. వదిన చేతులకు ఎప్పుడూ నూనో పిండో ఉండేది. వేలితో నొక్కితే తెర జిడ్డయ్యేది. అందుకని ఆ ఆకుపచ్చ మీటను తెర అడుగంతా పరిచినంత పెద్దది చేశాను. వదిన పిడికిలి ముడిచి, కణుపుతో, తలుపు కొట్టినట్టు దాన్ని కొట్టేది. ఇప్పుడు వేల వంటిళ్లలో జనం అలాగే కొడతారు.

అప్పుడే ఆమెకు చెప్పాను. "వదినా, కూర దించి, డబ్బా మూతపెట్టాకే ఇది నొక్కు. ముందే నొక్కితే లెక్కంతా అబద్ధమైపోతుంది."

"దించకుండా దించానని ఎందుకంటాను?" అంది వదిన, నేనేదో వెర్రిమాట అన్నట్టు.

సోమవారం ఆఫీసుకు వెళ్లగానే లెక్కలమ్మాయి పక్కన కుర్చీ లాక్కున్నాను. అంకెలు చూసేది ఆ అమ్మాయే. అందరూ లెక్కలమ్మాయి అనే పిలుస్తారు, తనూ పలుకుతుంది. వదిన వంటింటి అంకెలు తియ్యమన్నాను. ఎవరిదో చెప్పలేదు.

ఆ అమ్మాయి చూసి, కళ్లజోడు పైకి తోసుకుని, "మేడమ్, వీళ్లు పాపం ఏ లోకంలో ఉన్నారు?" అంది.

"ఏం?"

"రెడీ అయ్యాక రెడీ నొక్కుతున్నారు."

నాకు అర్థం కాలేదు. ఆమె అదే వీధిలోని ఇంకో వంటిల్లు తీసింది. ఆర్డర్ తీసుకున్నాక నలభై సెకన్లకు రెడీ. ఇంకోటి తీసింది. నిమిషం పది సెకన్లు.

"అన్నం ఉడకడానికే ఇరవై నిమిషాలు పడుతుంది కదా?"

"ఎవరు ఉడికించారు మేడమ్? ముందు నొక్కేస్తారు. డెలివరీ వాళ్లు వచ్చి గుమ్మంలో నిలబడతారు. వాళ్లు నిలబడే టైమ్ మనం కొలవం. అందరికీ తెలిసిందే ఇది." నా మొహం చూసి గొంతు తగ్గించింది. "మీకు తెలీదా?"

తెలీదు. వంటింట్లో పది రోజులు కూర్చున్నాను కానీ, కూర్చున్నది మా వదిన వంటింట్లో.

"నిజంగా వండాక నొక్కేవాళ్లు ఊరు మొత్తం మీద ఎంతమంది?"

ఆ అమ్మాయి ఏదో కొట్టి, కాసేపు చూసి, పకపకా నవ్వింది. "నలభై ఒకటి మేడమ్. వీళ్లందర్నీ పిలిచి శాలువాలు కప్పాలి."

ఆ మధ్యాహ్నమే పెద్దాయన గదిలోకి వెళ్లాను. పెద్దాయన నాకన్నా తొమ్మిదేళ్లు చిన్న, అయినా ఆఫీసులో అందరం అలాగే అంటాం. మీట ఎప్పుడు నొక్కారన్నది కాకుండా, డబ్బా డెలివరీ మనిషి చేతికి ఎప్పుడు అందిందో దాన్నిబట్టి లెక్క వేద్దామన్నాను. బోర్డు మీద బొమ్మ గీసి చూపించాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"అంటే ఎనిమిది నిమిషాలున్నవన్నీ ముప్పై అవుతాయి."

"నిజానికి అవి ముప్పయ్యే."

"మరి ఫస్ట్ స్క్రీన్ మీద ఏం పెడతారు? మీరే కదండీ చెప్పారు, ముప్పై చూస్తే వేలు ఆగదని." ఆయన దెబ్బలాడట్లేదు, నిజంగానే అడుగుతున్నాడు. "నలభై ఒక్క వంటిళ్ల కోసం నాలుగు వేల వంటిళ్లు తిరగరాద్దామా? వాళ్లనే కాస్త ముందు నొక్కమంటే పోతుంది కదా."

నేను బోర్డు మీది బొమ్మ తుడవడం మొదలెట్టాను.

"ఆ నలభై ఒకటిలో మీకు కావలసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"లేరు" అన్నాను.

ఎందుకలా అన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఉన్నారంటే, ఇంట్లోవాళ్ల కోసం మాట్లాడుతోందనుకుంటాడని కావచ్చు. కేకు కోసి ఇంకా నెల తిరక్కపోవడం వల్ల కావచ్చు.

ఆ సాయంత్రం వదినకు ఫోన్ చేసి, ముందే నొక్కెయ్యమని చెప్పి ఉండవలసింది. చెప్పాలంటే మొదట నా తెర సంగతి చెప్పాలి. అబద్ధం ఆడొద్దని చెప్పిన నోటితోనే ఆడమని చెప్పాలి. రెండు వారాల్లో ఎలాగో ఒకలా పెద్దాయన్ని ఒప్పిస్తాననుకున్నాను. ఈలోగా వదిన ధైర్యం చెడకుండా చూస్తే చాలుననుకున్నాను.

మర్నాడు కొత్త నంబరుతో ఇంకో ఖాతా తెరిచాను. మా విభాగం ఉండేది నాలుగో అంతస్తులో. పేరు అడిగినచోట 'నాలుగో అంతస్తు' అని కొట్టాను. వదిన వంటింట్లో కోడికూర, అన్నం ఆర్డర్ పెట్టాను. వండేవాళ్లకు ఏమైనా చెప్పాలా అని ఒక గడి ఉంటుంది. అందులో 'ఉప్పు కొంచెం తక్కువగా' అని రాశాను. ఆర్నెల్ల క్రితం డాక్టరు నాకు బీపీ అని చెప్పింది. అప్పట్నుంచీ ఎక్కడ ఆర్డర్ పెట్టినా ఆ మాట వేళ్లే రాసేస్తున్నాయి. వదిన ఇంట్లో ఆదివారం ఆ సంగతి ఎత్తేదాన్ని కాదు. వారానికోసారే కదా అని తినేసేదాన్ని.

డబ్బా తెచ్చినాయన తల నెరిసినవాడు. హెల్మెట్ చంకలో పెట్టుకుని, డబ్బా రెండు చేతులతో ఇచ్చాడు.

"జాగ్రత్తమ్మా, వేడి. ఇప్పుడే దించారు. ఈ వంటింటికి వెళ్తే కూర్చోమని స్టూలేస్తారు. ఇంకెక్కడా వెయ్యరు."

మూత మీద మా అన్నయ్య దస్తూరీ. 'నాలుగో అంతస్తు గారికి'. 'గారికి' కింద ఒక చిన్న ఆకు బొమ్మ.

ఆఫీసు భోజనాల గదిలో మూల బల్ల దగ్గర, గోడవైపు తిరిగి తిన్నాను.

రోజూ పెట్టాను. రెండు వారాల తర్వాతి ఆదివారం వెళ్లేసరికి వదిన మొహంలో కాస్త కళ వచ్చింది.

"ఒకరున్నారు బుల్లీ. అందరూ పోయినా ఒకరు పట్టుకునున్నారు. రోజూ పెడుతున్నారు. నాలుగో అంతస్తట. ఎవరో ఆవిడే అయ్యుంటుంది."

"ఆవిడేనని నీకెలా తెలుసే?" అన్నాడు అన్నయ్య.

"మగవాళ్లు ఉప్పెక్కువైతే అంత మర్యాదగా రాయరు. మీలా కంచం పక్కకు నెడతారు."

"నేనెప్పుడు నెట్టాను? నెట్టి ఈ ఇంట్లో బతికేవాణ్ణా?"

"ఆవిడ రోజూ రాస్తోంది, ఉప్పు కొంచెం తక్కువగా అని" అంది వదిన నావైపు తిరిగి. "మిగతావాళ్లు చెప్పకుండా పోయారు. ఈవిడ ఒక్కత్తీ నోరు తెరిచి చెప్పింది. అంటే నేను అనుకున్నదే నిజం. ఉప్పు ఎక్కువే వేస్తున్నాను. వయసొస్తే నాలుక మొద్దుబారుతుందటగా, అది వండేవాళ్లకు చివర్న తెలుస్తుందట. అందుకే తగ్గించేశాను."

"ఆవిడకా?" అన్నాను.

"ఆవిడకేంటి, అందరికీ."

వడ్డించింది. అమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. "నాకేమైనా ఆపరేషన్ చేయించారా? ఈ చప్పిడి కూడేమిటే?"

"మీకు పాత ఉప్పు అలవాటైపోయింది అత్తయ్యా. నాలుగు రోజులు పోతే ఇదే బావుంటుంది." వదిన నావైపే చూస్తోంది. "నువ్వు చెప్పు బుల్లీ. ఇప్పుడు బావుంది కదూ?"

కూర చప్పగా ఉంది. ఉల్లిపాయలు సన్నసెగ మీద అరగంట వేగిన వాసన అలాగే ఉంది, ముక్క అలాగే ఉడికింది. కానీ అంతా ఎక్కడో దూరంగా ఉన్నట్టుంది.

"బావుంది వదినా" అన్నాను.

అది నేను చెప్పిన రెండో అబద్ధం. మొదటిదానికన్నా తేలిగ్గా వచ్చింది.

ఆ నెలలో పెద్దాయన దగ్గరకు ఇంకో రెండుసార్లు వెళ్లాను. ఒకసారి చూద్దామన్నాడు. ఒకసారి ఊళ్లో లేడు. ఇంకో మూడు ఆదివారాలు గడిచాయి. మూడో ఆదివారం నేను వెళ్లేసరికి వదిన ఫోను పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉంది. నన్ను చూసి ఫోను నా చేతిలో పెట్టింది. నాలుగేళ్ల నుంచీ వారానికి రెండుసార్లు తెప్పించుకునే పళ్ల డాక్టరమ్మ రాసింది. 'పాత రుచి లేదు. చప్పగా ఉంటోంది. ఏమైందండీ?' దాని కింద ఇంకొకరు, అంతకన్నా మొరటుగా.

"తక్కువ వేస్తే తక్కువంటున్నారు" అంది వదిన. వంటింట్లోకి వెళ్లిపోయింది.

భోజనాల ముందు చేతులు కడుక్కుందామని పెరటి వైపు వెళ్తే అక్కడ అన్నయ్య గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు. చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పుతున్నాడు. నన్ను చూసి ఉలిక్కిపడి మూసేశాడు.

"ఏమిటన్నయ్యా అది?"

"ఉష్. ఉప్పు." పొట్లం మళ్లీ జేబులో దోపుకున్నాడు. "మీ వదిన చూస్తే ఇంకేమైనా ఉందా?"

"ఎన్నాళ్ల నుంచి?"

"నెలవుతోంది. అమ్మక్కూడా నేనే సప్లయి. ఆవిడ కొంగున కట్టుకుంటోంది." నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "నాకు భయంగా ఉందే బుల్లీ. వండేటప్పుడు చూశాను. ఉప్పు చేతిలోకి తీసుకుంటుంది. సగం మళ్లీ డబ్బాలో పోస్తుంది. మళ్లీ తీసుకుంటుంది. పొయ్యి దగ్గర అలా నిలబడే ఉంటుంది."

నేను నేరుగా వంటింట్లోకి వెళ్లాను. వదిన మూకుడు ముందు నిలబడి ఉంది. స్టూలు లాక్కుని కూర్చుని అంతా చెప్పాను. కొత్త తెర సంగతి, ఇరవై అయిదు నిమిషాల సంగతి, ఊళ్లో అందరూ ఆర్డర్ రాగానే రెడీ కొట్టేస్తున్న సంగతి. ఆర్డర్లు పోయింది ఉప్పు వల్ల కాదనీ, ఆమె నిజంగా వండాక మీట నొక్కుతున్నందువల్లేననీ చెప్పాను.

వదిన సెగ తగ్గించి, నావైపు తిరిగింది.

"అయితే నా చెయ్యి పోలేదు."

"లేదు వదినా."

"ఉప్పు ఎప్పుడూ ఎక్కువ కాలేదు."

"కాలేదు."

ఆమె భుజాలు దిగాయి. గట్టుకు ఆనుకుని ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. ఆ క్షణం అలాగే ఉండిపోతే బావుండునని నాకనిపించింది. కళ్లు తెరిచింది.

"మరి ఆ నాలుగో అంతస్తు ఆవిడ?"

"నేనే."

పక్క గదిలో అమ్మ ఏదో అడుగుతోంది.

"రోజూ?"

"రోజూ."

"ఉప్పు తక్కువ వెయ్యమని..."

"నాకు బీపీ వదినా. ఆర్నెల్లయింది. ఎక్కడైనా అలాగే రాస్తాను. అలవాటుగా రాసేశాను. నువ్వు దాన్ని..."

"నాకు చెప్పలేదే" అంది వదిన. ఆమె తెర గురించి అడగలేదు, మీట గురించి అడగలేదు. "నా చేతి కూడు తింటూ, నీకు బీపీ అని నాకు చెప్పలేదే. ఊళ్లో ఎవరికో రాసినట్టు రాశావు. నీకు వేరే వండనా నేను?"

"తప్పయిపోయింది."

"అయిదు వారాలు. గరిటె పట్టుకుని నీ ముందు నిలబడ్డాను. సంతలో సరుకు చూపించినట్టు చేతిలో వేసి చూపించాను. బావుందన్నావు. చప్పగా చేస్తే అదీ బావుందన్నావు."

"నీకు ధైర్యం చెబుదామని..."

"ఇలా చూడు." ఉప్పు డబ్బా తెరిచి గుప్పిట్లోకి తీసుకుంది. చెయ్యి మూకుడు మీద ఆగింది. వేళ్లు విప్పలేదు. "ఇదివరకు ఎంత వేసేదాన్నో చెప్పు. నాకు గుర్తు రావట్లేదు. నేనెప్పుడూ కొలిచింది లేదు. చెయ్యే వేసేది. నేను దాని వంక చూసేదాన్ని కూడా కాదు. ఇప్పుడు చూస్తున్నాను. చూస్తుంటే రావట్లేదు బుల్లీ."

ఉప్పు డబ్బాలో పోసేసి చేతులు దులుపుకుంది.

ఆ తర్వాత మేము చెయ్యగలిగినవి చేశాం. ముందే నొక్కమన్నాను. "సరే, ఇప్పుడు ఇదా పాఠం" అంది కానీ ఒప్పుకుంది. మొదటి రోజు ఆర్డర్ రాగానే కణుపుతో కొట్టింది. ఆరు నిమిషాలకు డెలివరీ ఆయన వచ్చేశాడు. ఎప్పటిలా స్టూలేసింది. ఆయన కూర్చున్నాడు కానీ చేతి గడియారం చూసుకుంటున్నాడు. గుమ్మంలో మనిషి ఎదురుచూస్తుంటే వదిన ఎప్పుడూ వండలేదు. ఉల్లిపాయలు తెల్లగా ఉండగానే మిగతావన్నీ వేసేసింది. డబ్బా ఇచ్చేటప్పుడు, "ఇది నా వంట కాదండీ" అందట ఆయనతో. ఆయనేం చేస్తాడు, తీసుకెళ్లాడు.

లెక్కలమ్మాయిని అడిగాను, ఒక వంటింటి సమయం ముప్పై నాలుగు నుంచి ఇరవై అయిదులోపుకు దిగాలంటే ఎన్నాళ్లు పడుతుందని. అంకె గడిచిన రెండు వందల ఆర్డర్ల సగటు. రోజుకు ఇరవై వచ్చే వంటింటికి మూడు నాలుగు రోజుల పని. "ఈ పాత వంటింటికి రోజుకు రెండే కదా వస్తున్నాయి మేడమ్" అంది ఆ అమ్మాయి, తెర మీద చూస్తూ. "నెల పైన పడుతుంది. పైగా ఈ మధ్య ముప్పై ఆరుకి ఎక్కింది. ఎవరో రోజూ ఒకరు పెడుతున్నారు, వాళ్లకి మాత్రం నలభై నిమిషాలు తీసుకుని వండుతున్నారు. బాగా శ్రద్ధగా వండుతున్నట్టున్నారు."

నాకు వండిన వంటే అది.

వదిన నెల ఆగలేదు. పదకొండో రోజున, పచ్చి వాసన వేస్తోందని పళ్ల డాక్టరమ్మ రాసిన రోజున, ఫోను ఫ్రిజ్ మీది పట్టీలోంచి తీసి డ్రాయరులో పెట్టింది. పట్టీ పీకితే ఫ్రిజ్ రంగు ఊడొచ్చింది.

ఇప్పుడు ఆమె ఊరవతల పెద్ద షెడ్డులో పనిచేస్తోంది. ఒకే కప్పు కింద పన్నెండు వంటిళ్లు, పన్నెండు పేర్లు, పన్నెండూ మా యాప్‌లో మొదటి తెర మీదే ఉంటాయి. పొద్దున ఏడింటికి బస్సెక్కి వెళ్తుంది, నాలుగింటికి వస్తుంది. వరసలో ఆరో పొయ్యి ఆమెది. గుజ్జు సంచుల్లో వస్తుంది, వేడి చెయ్యాలి. ఉప్పు కూడా ఇంతంత పొట్లాలుగా తూచి వస్తుందట. కూరకొక పొట్లం, చించి పొయ్యాలి.

"హాయిగా ఉంది బుల్లీ" అంది, నేనడిగినప్పుడు. "నాలుకతో పనే లేదు."

అక్కడి గోడకు వరసగా ఫోన్లున్నాయట. ఆర్డర్ మోగగానే రెడీ కొట్టడానికే ఒకామె ఉంది. ఆమె సెలవు పెట్టిన రోజు ఆ పని వదినకు ఇస్తారు. కొత్తగా చేరినవాళ్లు వేలితో నొక్కుతుంటే, కణుపుతో కొట్టాలని వదినే నేర్పిందట.

మొన్న ఆఫీసులో లెక్కలమ్మాయి నా బల్ల దగ్గరకు వచ్చింది. "మేడమ్, మీ నలభై ఒకటి గుర్తున్నాయా? ఇప్పుడు మూడే మిగిలాయి. మిగతావి కొన్ని ముందు నొక్కడం నేర్చుకున్నాయి, కొన్ని మూసేశారు. సమస్య తీరిపోయినట్టేనని పెద్దాయన రిపోర్టులో రాసేశారు." రిపోర్టు మీద నా పేరు కూడా ఉంది.

ఆదివారాలు ఇంకా వెళ్తున్నాను. రావద్దని ఆమె అనలేదు. నిన్న వెళ్లేసరికి గుమ్మంలో ఎవరూ లేరు. చెప్పులు విడిచి, లోపలికి వెళ్లి కూర్చున్నాను. అమ్మ కుర్చీ జరుపుకుంది. అన్నయ్య కంచాలు పెట్టాడు. బల్ల మధ్యలో గాజు సీసా ఒకటి ఉంది. దాని మీద నీలంరంగులో, కింద చిన్న ఆకుతో, 'ఉప్పు' అని అన్నయ్య దస్తూరీ. చాలా రోజుల తర్వాత కుంచె దింపినట్టున్నాడు.

వదిన కూర తెచ్చి పెట్టి కూర్చుంది. అందులో అసలు ఉప్పే లేదు. అమ్మ వేసుకుంది. అన్నయ్య వేసుకున్నాడు. జేబు తడుముకోవలసిన పని లేదు ఇప్పుడు. వదిన కాస్త చల్లుకుని, ముద్ద నోట్లో పెట్టుకుని, ఆగి, మళ్లీ చల్లుకుంది. మళ్లీ ఆగింది. సరిపోయిందో లేదో ఆమె మొహం చూస్తే నాకు తెలియలేదు. సీసా నావైపు జరిపింది.

"నీకెంత కావాలో నువ్వే వేసుకో" అంది.